రోజుకి పావు చెంచా

బిసోయి సంచిని లైటుకెత్తి చూపించాడు.
ఏడు చేపలు, పసుపుకొమ్ము అరగదీసి వదిలినట్టు.
"ఆఫ్రికావి. మలావీ అని ఒక సరస్సుందట, అక్కడి జాతి.
వచ్చి పదిరోజులే, అప్పుడే రంగు దిగిపోతోంది.
మన రాయగడ నీళ్లు వీటికి పడవు బాబూ, ముందే చెప్తున్నాను."

మా నీళ్లకేమైంది, అన్నాను పౌరుషంగా.
కొండల మీద కురిసి నాగావళిలో నడిచొచ్చిన నీళ్లు.
సబ్బు చూపిస్తే చాలు నురగ,
కందిపప్పు రెండు కూతలకే వెన్న.
"అదే మరి," అన్నాడు, "మరీ మెత్తన."

ఈ మాట నాకు కొత్త కాదు.
పెళ్లయి వచ్చిన మూడోనాడు వనమాల
స్నానాలగదిలోంచి అరిచింది:
"ఏం నీళ్లివి! ఎంత కడిగినా సబ్బు పోతనే లేదు!"
చంద్రపూర్ పిల్ల.
బిందె అడుగున తెల్లటి పొర పెచ్చులుగా లేచే చోట,
చిటికెడు సోడా వేస్తేగానీ పప్పుడకని ఇంట్లో పెరిగింది.
ఇక్కడి చాయ్ చప్పన అంది.
"ఏటమ్మా, ఎల్లొచ్చీసినావా" అని మా అమ్మ అడిగితే
తనకి నవ్వు,
"జరంత ఆగుండ్రి" అని తనంటే మావాళ్లకి నవ్వు.
వాళ్లు ఎనమండుగురు, తనొక్కతి.
ఆ వానాకాలమంతా వనమాల నోరు మూసుకుంది.

మిల్లు ల్యాబులో నా ఉద్యోగం
చుక్క వేయడం, రంగు చూడడం, అంకె రాయడం.
ఇంటికొచ్చి అద్దాల తొట్టి ముందూ అదే.
ఆరు పాయింటు ఎనిమిది. కావలసింది ఎనిమిది.
తినే సోడా, భేది ఉప్పు కలిపి
గ్లాసుడు ఒక్కసారే ఒంపబోయాను.
వనమాల చెయ్యి పట్టుకుంది.
"చస్తయ్. ఎంత మంచివైనా
ఒక్కపాలి మీద పోస్తే చస్తయ్.
రోజుకి పావు చెంచా."
ఆ నెలలో నాతో ఆడిన మాటల్లో అదే పొడుగు.

కార్తీకంలో బావమరిది విఠల్ దిగాడు
భుజాన గోనెసంచితో.
విజయనగరంలో టీసీ మూతి విప్పించి
రాళ్లా, అని వీడి మొహంలోకి చూసి కట్టేసుకోమన్నాడట.
అక్క ఉత్తరం రాయలేదు, ఫోన్లో అడిగింది,
గడ్‌చాందూర్ వైపు సున్నపురాయి ఓ పదికిలోలు.
వరండాలో వరసగా పేర్చి
ఒక్కోదాని మీదా నిమ్మచెక్క పిండింది.
బుస్సుమని పొంగితే, "ఇది మాదే."
పలక్కుండా ఊరుకున్నదాన్ని దొడ్లోకి విసిరింది.
అలా నవ్వుతుందని నాకు తెలీదు.

ఏడు పాయింటు రెండు. ఏడున్నర.
పుష్యం నాటికి ఎనిమిది.
చేపలకి రంగొచ్చింది, రంగుతోపాటు పొగరూ.
రాళ్ల సందులు పంచుకుని సరిహద్దు తగాదాలు పెట్టుకున్నాయి.
ఒకటి మాత్రం మేత మానేసింది.
గడ్డం కింద ఉబ్బు, మూలకి చేరింది.
రోగమనుకుని బిసోయి దగ్గరికి పరిగెత్తాను.
"నోట్లో గుడ్లున్నాయి దానికి.
మూడు వారాలు ఏమీ తినదు, నోరు విప్పదు. కదపొద్దు."

ఇంటికొచ్చి చెప్పాను.
వనమాల తొట్టి ముందు పీట వేసుకుంది.
చాలాసేపు ఏమీ అనలేదు. పప్పు మాడింది.

కరెంటు పోయిన రాత్రి, గాలి మోటారు ఆగితే
చెంబుతో నీళ్లెత్తి పోస్తూ కూచుంది తెల్లారిందాకా.
నిద్ర రాకుండా ఉండడానికేమో మాట్లాడుతోంది,
వాళ్ల నాన్న బొగ్గుగనిలో దిగిన మొదటి రోజు,
బల్లార్షా స్టేషన్లో తప్పిపోయిన మేనత్త,
ఆపకుండా, తన భాషలో, చేపతో.
మంచం మీద అమ్మ లేచింది.
"ఎవులితోటి మాటాడతంది?"
చేపతో, అన్నాను.
అమ్మ చెవొగ్గింది.
"ఆ మేనత్త దొరికిందేటి?"
లోపలికి వినబడేలా అడిగింది.

పిల్లలు ఎన్ని బతికాయో లెక్కపెట్టలేకపోయాను,
నిలవవు కదా.

మొన్న వంటింట్లోకి వెళితే
ఈ నీళ్లకి అక్కర్లేని సోడా
చిటికెడు, పప్పులో వేస్తోంది అమ్మ.
చూసి, చూడనట్టు వచ్చేశాను.